తీపి తెలియని జీవికి తీపి జబ్బు

పిల్లికి షుగరొచ్చింది అని చెప్పి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత ‘మనుషులకే దిక్కు లేదు, పిల్లికి ఇన్సులినా?’ అంటారు. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లయితే మాత్రం కాసేపాగి ‘ఏమో, మా పిల్లి కూడా ఈమధ్య నీళ్లు తెగ తాగుతోందే...’ అని ఆలోచనలో పడతారు. అసలు కథ ఆ మూడో మాట దగ్గరే మొదలవుతుంది.

పిల్లులకు షుగరొస్తుంది. విదేశాల్లో పశువైద్యుల లెక్కల ప్రకారం అటూ ఇటూగా రెండు వందల పిల్లుల్లో ఒకదానికి ఉంటుంది. వయసు మీద పడ్డవి, ఒళ్లు చేసినవి, గడప దాటనివి, ఆపరేషన్ చేయించిన గండుపిల్లులు... వీటికి ముప్పు ఎక్కువ. కుక్కలకొచ్చే షుగర్ వేరు. పిల్లులకొచ్చేది మాత్రం అచ్చం మనుషుల్లో నడివయసు దాటాక వచ్చేదానిలాంటిదే. ఒళ్లు పెరిగి ఇన్సులిన్ మాట శరీరం వినడం మానేస్తుంది. క్లోమం పనిచేసి చేసి అలసిపోతుంది.

ఇందులో ఓ తమాషా ఉంది. పిల్లికి తీపి రుచే తెలియదు! నాలుక మీద తీపిని పట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. లడ్డూ ముందు పెడితే నెయ్యి వాసనకు నాకుతుందేమోగానీ చక్కెర కోసం కాదు. పులికీ అంతే, పెరట్లో పిల్లికీ అంతే. తీపి అంటే ఏమిటో తెలియని జీవికి తీపి జబ్బు రావడమంటే విధి వెక్కిరింత కాక మరేమిటి!

శెనక్కాయల ఇంటి కాపలాదారు

అనంతపురం పల్లెల్లో పిల్లిని ముద్దు కోసం పెంచడం ఈమధ్య వచ్చిన అలవాటు. పిల్లి అక్కడ పనివాడు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలేమో అంత దూరం వచ్చేసరికే నీరసపడతాయి. ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త వానకే పండే పంట కనుక వేరుశెనగ ఆ సీమకు ప్రాణమైంది. పంట చేతికొచ్చాక మూటలు ఇంట్లోకి వస్తాయి. మూటల వెంట ఎలుకలొస్తాయి. ఎలుకల వెంట పిల్లి వస్తుంది. విత్తనాలకని దాచుకున్న కాయలను ఎలుక కొట్టేస్తే వచ్చే ఏడు సేద్యమే లేదు. అందుకే ఆ ఇళ్లలో పిల్లికి ఓ మర్యాద ఉంది.

కాలం మారింది. కొన్ని ఇళ్లలో మూటలు తగ్గాయి. పిల్లలు చదువులకని, పెద్దలు ఉద్యోగాలకని పట్నం చేరారు. పిల్లి కూడా వాళ్ల వెంటే రెండు గదుల ఇంటికొచ్చింది. అక్కడ ఎలుకలు లేవు, గోడలు దూకే పని లేదు. పొద్దున పాలన్నం, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రికి ఎవరి పళ్లెంలో మిగిలితే అది. పిల్లి పుట్టుకతో మాంసాహారి. దాని ఒళ్లు ఎలుక మాంసానికి, పిట్ట మాంసానికి తయారైన ఒళ్లు. పిండిపదార్థంతో దానికి పెద్ద అవసరం లేదు. అన్నం తింటే షుగరొస్తుందని కాదు. కానీ పని లేక, తిండికి లోటు లేక, ఒళ్లు కదలక బరువు పెరిగితే మనిషికి ఏమవుతుందో పిల్లికీ అదే అవుతుంది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో చెప్పింది. ఆ మనుషుల గడపలోనే పెరుగుతున్న పిల్లి మాత్రం ఎక్కడికి పోతుంది?

చీమలు చెప్పిన కబురు

అలాంటి ఇల్లొకటి ఊహించుకోండి. అనంతపురంలో ఏ కాలనీ అయినా కావచ్చు. అవ్వ, కొడుకు, కోడలు, ఎనిమిదో తరగతి చదివే మనవడు. పదేళ్ల గండుపిల్లి. అవ్వకు షుగర్ పాతకాపు. పొద్దున, రాత్రి తనే పొట్టకు సూది వేసుకుంటుంది.

జబ్బు మొదట కనిపెట్టేది డాక్టరు కాదు, పెరటి గచ్చు కడిగే మనిషి. పిల్లి మూత్రం పోసిన చోట చీమలు బారులు తీరతాయి. మన ప్రాచీన వైద్యులు ఈ జబ్బుకు ‘మధుమేహం’ అని తేనె పేరు పెట్టింది మూత్రంలో తీపిని గుర్తుపట్టే. పిల్లి రక్తంలో చక్కెర సుమారు 250 దాటిందంటే మూత్రపిండాలు దాన్ని ఆపలేవు, వదిలేస్తాయి. చక్కెర పోతూ పోతూ నీటినీ వెంట లాక్కుపోతుంది. అందుకే దాహం. పిల్లి జాతి మూలాలు ఎడారిలో ఉన్నాయి. మామూలుగా అది నీళ్లు చాలా తక్కువ తాగుతుంది. అలాంటిది గిన్నె ఖాళీ చేసి, బకెట్ అంచెక్కి, పంపు కింద నిలబడి తాగుతోందంటే ఏదో తేడా ఉన్నట్టే.

‘ఎండాకాలం కదా, తాగుతాది’ అనుకుంటారు. అనంతపురం ఎండకు ఆ మాట సహజమే. కానీ మిగతా గుర్తులు కూడా చూడాలి. ఆవురావురుమని తింటూనే చిక్కిపోవడం. బొచ్చు నిగారింపు తగ్గడం. కిటికీ మీదికి దూకలేకపోవడం. ఇంకా ముదిరితే వెనక కాళ్ల మడమలు నేలకానించి కుందేలులా నడవడం. షుగర్ నరాలను దెబ్బతీస్తే వచ్చే నడక అది. ముసలితనం అనుకుని వదిలేసేది ఎక్కువగా ఇక్కడే.

“ఏమ్మే, దీనికీ నా రోగమే తగులుకున్నెట్లుందే” అని అవ్వ అంటే కోడలు కొట్టిపారేయలేదు. “అట్లనే ఉంది అత్తా. ఆసుపత్రికి తీస్కపోదాం” అంటుంది. ఆ మాట సరైన సమయంలో వచ్చిందా లేదా అన్నదాని మీదే పిల్లి ఆయుష్షు సగం ఆధారపడి ఉంటుంది.

ఆసుపత్రిలో దొరకని నిజం

పిల్లిని బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టి, ఆటోలో ఎక్కిస్తే అది దారంతా అరుస్తుంది. పశువైద్యశాల దగ్గర గొర్రెలు, ఆవులు, కుక్కలు. కొత్త వాసనలు, కొత్త చేతులు. బల్ల మీద పెట్టి రక్తం తీస్తే మీటరులో 300 కనిపించినా కనిపించవచ్చు. షుగర్ లేని పిల్లికి కూడా! భయపడితే పిల్లి ఒంట్లో చక్కెర అంతలా ఎగబాకుతుంది. పారిపోవడానికో, కలబడడానికో శరీరం సిద్ధం చేసుకునే ఇంధనం అది.

అందుకే డాక్టర్లు ఒక్క సంఖ్య చూసి తీర్పు చెప్పరు. మూత్రం చూస్తారు. ఫ్రక్టోజమీన్ అనే మరో రక్తపరీక్ష ఉంది. గడిచిన ఒకటి రెండు వారాల్లో చక్కెర సగటున ఎలా ఉందో అది చెబుతుంది. గంట భయం దాన్ని కదిలించలేదు. జబ్బు ఉందని తేలాక మోతాదు సరిపోతోందో లేదో చూడాలి కదా, దానికి రోజంతా కొలతలు కావాలి. ప్రతి కొలతకూ ఆటో ఎక్కిస్తే తేలేది పిల్లి షుగర్ కాదు, పిల్లి భయం.

కనుక ఈ జబ్బుకు అసలు ఆసుపత్రి ఇల్లే. డాక్టరు దారి చూపిస్తాడు. నడవాల్సింది ఇంట్లోవాళ్లు. పిల్లి రోజూ పడుకునే గోనెసంచి మీద, దానికి తెలిసిన చేతుల్లో, దానికి తెలిసిన వాసనల మధ్య తీసిన రక్తపు చుక్కే నిజం చెబుతుంది. భయం లేని చోట కొలిచిందే లెక్క.

చెవి అంచున ఆవగింజంత

చుక్క ఎక్కడ తీయాలి? చెవి అంచు వెంట సన్నటి నరం ఒకటి వెలుగుకెదురుగా పెడితే ఎర్రగా కనిపిస్తుంది. ఆ అంచునే గుచ్చాలి. ముందు చెవిని వేడి చేయాలి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు ఆనిస్తే నరం ఉబ్బుతుంది. చెవి వెనక దూది ఉండ పెట్టుకుంటే సూది వేలికి దిగదు. గుచ్చాక ఆవగింజలో సగం చుక్క వచ్చినా చాలు, ఇప్పటి మీటర్లకు అదే ఎక్కువ. స్ట్రిప్పు అంచు తాకించగానే పీల్చుకుంటుంది. తర్వాత దూదితో అర నిమిషం నొక్కిపట్టాలి.

మొదటి నాలుగు రోజులు ఎవరికీ రాదు. చుక్క రాదు, వస్తే బొచ్చులో కలిసిపోతుంది, స్ట్రిప్పు వృథా అవుతుంది, పిల్లి జారుకుంటుంది. ఇక్కడ బలం పనికిరాదు. ఇద్దరు ముగ్గురు కలిసి అదిమిపట్టారంటే పిల్లి మర్నాటి నుంచి మంచం కింద నుంచి బయటికి రాదు. మొదట చెవిని ఊరికే తాకాలి, ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి పెట్టాలి. మర్నాడు వెచ్చటి గుడ్డ, మళ్లీ ముక్క. మూడో రోజు సూది, మళ్లీ ముక్క. వారం తిరిగేసరికి చాలా పిల్లులు ఆ ముక్క కోసం తామే వచ్చి కూర్చుంటాయి. మనవడు పలక మీద అక్షరాలు దిద్దిన ఓపిక కన్నా ఎక్కువేం కాదు.

ఒకవేళ కరిస్తే? దాచిపెట్టకూడదు. గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, డాక్టరు దగ్గరికెళ్లి రేబిస్ టీకా సంగతి తేల్చుకోవాలి. ఇంటి పిల్లే కదా అన్న ధీమా వద్దు.

మీటరు విషయంలో మరో మెలిక. మనుషుల కోసం చేసిన మీటరు పిల్లి రక్తంలో చక్కెరను సాధారణంగా ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. కారణం రక్తంలోనే ఉంది. మనిషి రక్తంలో చక్కెర ఎర్రకణాల్లోనూ, వాటి చుట్టూ ఉండే ద్రవంలోనూ దాదాపు పంచుకున్నట్టు ఉంటుంది. పిల్లి రక్తంలో తొంభై శాతానికి పైగా ద్రవంలోనే. మీటరుకు ఈ తేడా తెలియదు. పిల్లుల కోసమే చేసిన మీటర్లున్నాయి. లేకపోతే అవ్వ మీటరే గతి. అదేమీ నేరం కాదు. కాకపోతే ఏ మీటరో డాక్టరుకు చెప్పాలి, రోజూ దానితోనే కొలవాలి, సంఖ్యలు నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ఎర్రమూత, నారింజమూత

అవ్వ ఇన్సులిన్ ఓ సీసా, పిల్లి ఇన్సులిన్ ఓ సీసా. ఫ్రిజ్‌లో రెండూ ఒకే అరలో. ప్రమాదం పొంచి ఉండేది ఇక్కడే.

మన దేశంలో మనుషులు వాడే ఇన్సులిన్ సీసాలు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో వస్తాయి. వాటి సిరంజికి ఎర్రమూత. పిల్లులకు డాక్టర్లు తరచుగా రాసే గ్లార్జిన్ మనుషుల మందే. కానీ దాని గాఢత మిల్లీలీటరుకు 100 యూనిట్లు. ఆ సిరంజికి నారింజరంగు మూత. తొందరలో ఎర్రమూత సిరంజితో గ్లార్జిన్ తీసి ‘రెండు గీతలే కదా’ అని వేస్తే పడేది రెండు యూనిట్లు కాదు, ఐదు! రెండున్నర రెట్లు. అరవై కిలోల మనిషయితే ఎలాగో తట్టుకుంటాడేమో, నాలుగు కిలోల పిల్లికి అది ప్రాణాంతకం.

పిల్లికి మొదలుపెట్టే మోతాదు మామూలుగా పూటకు ఒక్క యూనిట్, లేదా కాస్త అటూ ఇటూ. ఎంతన్నది డాక్టరే చెప్పాలి. గ్లార్జిన్‌లో ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు. కన్నీటి చుక్కలో ఓ పాలు! అందుకే సన్నగా, అర యూనిట్ గీతలున్న చిన్న సిరంజి దొరికితే అదే మేలు. అవ్వ మందు ఓ డబ్బాలో, పిల్లి మందు మరో డబ్బాలో పెట్టాలి. డబ్బా మీద పేరు, లోపల దాని సిరంజిలు. చదువురాని చేతికి కూడా తేడా తెలిసేలా ఓ డబ్బాకు రంగు దారం కడితే ఇంకా మంచిది.

సూది వేయడం చెవి గుచ్చడం కన్నా తేలిక. మెడకూ భుజాలకూ మధ్యనో, పక్కటెముకల పక్కనో వదులు చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ గుడారంలోకి సూది దించాలి. సూది వెంట్రుక కన్నా కాస్తే లావు. తల గిన్నెలో ఉన్న పిల్లికి చాలాసార్లు సూది పడిన సంగతే తెలియదు. బొచ్చు తడిగా తగిలి మందు బయటపడిందేమో అని అనుమానం వస్తే మళ్లీ వేయకూడదు. ఒక పూట తక్కువైతే చక్కెర కాస్త పెరుగుతుంది, అంతే. రెండుసార్లు పడితే ప్రాణం మీదికొస్తుంది.

వాడేసిన సూదులను చెత్తబుట్టలో వేయకూడదన్న సంగతి కూడా ఇంటిల్లిపాదికీ తెలియాలి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి ఆసుపత్రిలో ఇచ్చేయాలి. పిల్లి కోసం కొన్న సూది పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి గుచ్చుకోకూడదు కదా!

కరెంటు పోతే కుండ

ఇన్సులిన్ సున్నితమైన మందు. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. గడ్డకడితే పారేయాల్సిందే, కనుక ఫ్రీజర్‌లో పెట్టకూడదు. వాడుతున్న గ్లార్జిన్ సీసా 30 డిగ్రీలు దాటని చోట 28 రోజులు పనిచేస్తుందని తయారీదారులు రాస్తారు. మరి ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో ఎండ 40 దాటుతుంది. కరెంటు పోయి, ఫ్రిజ్ ఆగి, రేకుల కప్పు కింద గది పొయ్యిలా మారితే?

అవ్వ దగ్గర దీనికో జవాబుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, పైన తడిగుడ్డ కప్పుతుంది. మందు సీసా నీళ్లు చొరని కవరులో, ఆ చిన్న కుండలో. మంచినీళ్ల కుండ చల్లబడేది ఎలాగో ఇదీ అలాగే. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి అంత వేగంగా పోతుంది. తేమగాలి వీచే సముద్రతీరంలో ఈ కుండ అంతగా పనిచేయదు. పైరును మాడ్చే అనంతపురం పొడిగాలే కుండలో మందును కాపాడుతుంది! కరువు చేసే అరుదైన ఉపకారాల్లో ఇదొకటి.

ఇది అవ్వల చాదస్తం కాదు. ఫ్రిజ్ లేని వేడి ప్రాంతాల్లో ఇన్సులిన్ దాచడానికి మట్టికుండలు ఎంతవరకు పనికొస్తాయో పరిశోధకులు కొలిచి చూశారు. కెన్యాలో దాదాబ్ శరణార్థి శిబిరంలో ఉష్ణోగ్రతలు పగలూ రాత్రీ 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగుతుంటాయి. అదే వేడిని ప్రయోగశాలలో కల్పించి చూస్తే ఇన్సులిన్ నాలుగు వారాల పాటు చెక్కుచెదరలేదని జెనీవా విశ్వవిద్యాలయం, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. అంటే ఓ పూట కరెంటు పోగానే సీసా పారేయనక్కర్లేదు. అలాగని కిటికీ ఎండలోనో, ఆటో డబ్బాలోనో వదిలేయకూడదు. ఎప్పుడూ తేటగా ఉండే గ్లార్జిన్ మబ్బుగా కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా మార్చేయాలి.

పన్నెండు గంటల ముడి

ఇంతకీ ఈ వైద్యంలో అన్నిటికన్నా కష్టమైంది సూదీ కాదు, చెవీ కాదు. గడియారం. పొద్దున ఏడుకు, రాత్రి ఏడుకు. పన్నెండు గంటలకోసారి, ఏడాదికి ఏడు వందల ముప్ఫై సూదులు. పెళ్లికెళ్లినా, దినానికెళ్లినా, తిరుపతి వెళ్లినా, రాత్రి ఏడుకు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. పక్కింటావిడకు నేర్పించి ‘అక్కా, ఈ రెండు పూటలూ చూసుకోవా’ అని అడగాలి. డబ్బు అప్పు అడగడం కన్నా కష్టమైన అడుగుడది.

ఆ ఏడు గంటలప్పుడు వరస తప్పకూడదు. ముందు పరీక్ష, తర్వాత తిండి, తర్వాత సూది. పిల్లి తినలేదా? సంఖ్య డాక్టరు చెప్పిన గీత కన్నా తక్కువుందా? అయితే సూది ఆపి ఫోన్ చేయాలి. షుగర్ ఎక్కువైతే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. తక్కువైతే గంటల్లో. పిల్లి తూలుతూ నడుస్తున్నా, పిలిస్తే పలక్కపోయినా, వణుకుతున్నా, మూర్ఛ వచ్చినా, చిగుళ్ల మీద తేనో, చక్కెర పాకమో రాసి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. నోట్లో పోయకూడదు, పొలమారుతుంది. షుగర్ జబ్బు పిల్లి ఉన్న ఇంట్లో తేనె సీసా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. వింతే మరి!

మోతాదు సరిచూడడానికి అప్పుడప్పుడూ ఓ రోజంతా కేటాయించాలి. సూదికి ముందు ఒకసారి, ఆ తర్వాత రెండేసి గంటలకోసారి, పన్నెండు గంటలూ చుక్క తీసి రాయాలి. చక్కెర ఎంత కిందికి దిగింది, ఏ గంటకు దిగింది, ఎప్పుడు మళ్లీ ఎక్కింది... ఆ వంపు చూస్తేనే డాక్టరుకు దారి తెలుస్తుంది. ఆదివారం పూట మనవడు నోటుపుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చుంటాడు. లెక్కల మాస్టారు నేర్పిన గ్రాఫు ఎందుకో వాడికి మొదటిసారి అర్థమయ్యేది అప్పుడే.

పిల్లికి ఇన్సులినా?

మొదట్లో నవ్వినవాళ్ల ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. వానల్లేక, పంట రాక, వలస పోయే మనుషులున్న సీమలో పిల్లికి ఇంత ఖర్చా? తేలిగ్గా తీసిపారేయాల్సిన ప్రశ్న కాదది. మందు, సిరంజిలు, స్ట్రిప్పులు అన్నీ కొనాల్సిందే. ఆ డబ్బు పిల్లాడి ఫీజుకో, అవ్వ మందులకో కావాల్సి వస్తే, ‘మావల్ల కాదు’ అని డాక్టరుతో చెప్పుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వారం చేసి, రెండు వారాలు మానేసి, మళ్లీ మొదలుపెట్టి పిల్లిని అటూ ఇటూ కాకుండా చేయడం కన్నా ఉన్నదున్నట్టు చెప్పి, బాధ లేకుండా చూసే దారి అడగడమే దయ.

అయితే ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇంకో లెక్క కూడా చూడాలి. ఇన్సులిన్ మనిషికి చేరిందే జంతువుల మీదుగా. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే వైద్యులు ఓ కుక్క క్లోమం తీసేస్తే దానికి షుగరొచ్చింది. జబ్బుకు మూలం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ మందును మొదట పరీక్షించింది కుక్కల మీదే. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది వేసింది ఎద్దుల క్లోమం నుంచి తీసిన మందుతోనే. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ల పాటు కోట్లమంది మనుషులు ఆవు, పంది ఇన్సులిన్‌తోనే బతికారు. 51 పూసల గొలుసు లాంటి ఆ ఇన్సులిన్‌లో ఆవుకూ పిల్లికీ తేడా ఒక్క పూసే! కనిపెట్టినవాళ్లు పేటెంటును విశ్వవిద్యాలయానికి ఒక్కో డాలరుకు ఇచ్చేశారు. లాభం చూసుకోకుండా ఇచ్చిన మందు అది. జంతువుల దగ్గర తీసుకున్న అప్పులో ఓ చుక్క తిరిగిచ్చినట్టే అనుకోవచ్చు కదా!

అవ్వకు ఈ చరిత్రంతా తెలియనక్కర్లేదు. ఆమె లెక్క వేరు. “అది మా ఇంట్లో పదేండ్లు ఎలుకల్ని పట్టింది. నాకు సూది వేసుకునేటప్పుడు ఎవురూ లెక్క అడగలేదు. దానికెట్ల అడిగేది?” అంటుంది. పక్కింటావిడ దగ్గర ఆ మాటకు జవాబుండదు.

సూది మానేసే రోజు

ఈ జబ్బులో మనుషులకు అంత తేలిగ్గా దొరకని ఓ ఆశ పిల్లులకుంది. తొందరగా గుర్తించి, ఇన్సులిన్ క్రమంగా ఇస్తూ, పిండిపదార్థం తగ్గించి మాంసం, చేప, గుడ్డు లాంటి తిండికి మార్చి, బరువు నెమ్మదిగా దించితే, కొన్ని పిల్లుల్లో క్లోమం మళ్లీ కోలుకుంటుంది. కొన్ని వారాలకో, నెలలకో సూది అవసరమే లేకుండా పోతుంది. తిండి మార్పు కూడా డాక్టరుకు చెప్పే చేయాలి. అన్నం తగ్గితే చక్కెరా తగ్గుతుంది, పాత మోతాదు అప్పుడు ఎక్కువైపోతుంది. కోలుకున్నాక కూడా జబ్బు తిరగబెట్టొచ్చు, కనుక చెవి పరీక్ష అప్పుడప్పుడూ తప్పదు. అమెరికాలో 2022 డిసెంబరులో పిల్లుల షుగర్‌కు మొదటి మాత్రకు, 2023లో నోట్లో వేసే ద్రవ మందుకు అనుమతి వచ్చింది. అవి అన్ని పిల్లులకూ పనికిరావు. అప్పటికే ఇన్సులిన్ మీదున్న వాటికి అసలే ఇవ్వకూడదు.

కోలుకునే రోజు వస్తోందని ముందుగా చెప్పేది ఇంటి నోటుపుస్తకమే. ఉదయం సంఖ్య వారం వారం కిందికి దిగుతుంది. డాక్టరు మోతాదు తగ్గిస్తాడు, మళ్లీ తగ్గిస్తాడు. కొలవని ఇంట్లో ఈ మలుపు ఎవరికీ కనిపించదు. పిల్లికి అక్కర్లేని సూది అలాగే పడుతుంటుంది. ఒక రాత్రి చక్కెర పడిపోయి పిల్లి లేవకపోతే, ‘ఎంత చేసినా బతకలేదు’ అనుకుంటారు. చెవి అంచున తీసే చుక్క విలువ అదీ.

చిక్కిన పిల్లికి ఒళ్లొస్తుంది. బకెట్ వైపు పోవడం మానుతుంది. మడమలు నేల విడిచి మునివేళ్ల మీద నడక మొదలవుతుంది. ఏదో రోజు మధ్యాహ్నం ఎవరూ చూడనప్పుడు కిటికీ మీదికి దూకి కూర్చుంటుంది. దాని సంగతి తెలియని చుట్టాలకు అది మామూలు పిల్లి, మామూలు కిటికీ. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ ఎత్తు ఎన్ని సూదులో తెలుసు.